రొమ్ముల తగ్గింపు ఆపరేషన్: సగం పని కొలతల దగ్గరే

రొమ్ములు మితిమీరి పెరగడం, అందులోనూ ఒకటి ఎక్కువ ఒకటి తక్కువగా ఉండటం గురించి పాఠకులు రాసిన ఉత్తరాల్లో కొన్నింటికి ప్లాస్టిక్ సర్జన్ల జవాబులివి. పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: నా వయసు 29. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు. యుక్తవయసు నుంచీ రొమ్ములు బాగా పెద్దవి, కుడివైపు మరీను. మెడ, భుజాలు లాగేస్తాయి. బ్రా పట్టీల కింద గాడులు పడ్డాయి. వేసవిలో కింది మడత ఒరుసుకుపోయి పుండవుతుంది. ఇద్దరు సర్జన్లకు చూపించుకున్నాను. మొదటివారు రెండు వైపులా చెరో 500 గ్రాములు తీస్తామన్నారు. రెండోవారు కుడివైపు 700, ఎడమవైపు 450 అన్నారు. ఎవరి లెక్క సరైనది? రెండోవారు రాసిచ్చిన కొలతల కాగితం జతచేశాను. (తణుకు)

జవాబు: రెండోవారిదే. కారణం ఆ కాగితంలోనే ఉంది. కుడి రొమ్ము పరిమాణం దాదాపు 1150 మిల్లీలీటర్లు, ఎడమది 900 అని రాశారు. రొమ్ము కణజాలం మిల్లీలీటరుకు సుమారు ఒక గ్రాము తూగుతుంది. చెరో 500 తీసేస్తే కుడివైపు 650, ఎడమవైపు 400 మిగులుతాయి. తేడా ఎప్పటిలాగే 250. కానీ ఇవాళ కుడిది ఎడమదానికి ఒకటింబావు రెట్లుంటే, ఆపరేషన్ తర్వాత ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. పెద్ద రొమ్ముల్లో కొంత మరుగునపడిన తేడా చిన్న రొమ్ముల్లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 700, 450 చొప్పున తీస్తే రెండు వైపులా 450 మిగులుతుంది. కాబట్టి సర్జన్‌ను మీరు మొదట అడగాల్సింది ఒంటిమీద ఎంత మిగులుస్తారని. తీసేది ఎంతన్నది దాన్నిబట్టి తేలుతుంది.

పరిమాణం ఒక్కటే చాలదు. మిమ్మల్ని నిలబెట్టి, చేతులు వదులుగా కిందికి దించమని, చూపు ఎదురుగా పెట్టమని చెప్పి కొలవాలి. పడుకుంటే రొమ్ము పక్కలకు జారిపోతుంది, ఆ కొలతకు విలువ లేదు. గొంతు కింద ఛాతీ ఎముక పైన ఉండే గుంట నుంచి చనుమొన దాకా మీకు కుడివైపు 33 సెంటీమీటర్లు, ఎడమవైపు 29. మీ ఎత్తువారికి మామూలుగా 21 దరిదాపుల్లో ఉంటుంది. చనుమొన నుంచి రొమ్ము కింది మడత దాకా కుడివైపు 17, ఎడమవైపు 13. వీటితోపాటు ఛాతీ నడిమి గీత నుంచి చనుమొన ఎంత దూరం, రొమ్ము మొదలు ఎంత వెడల్పు, నల్లని వలయం ఎంత పెద్దది, కింది మడతలు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయా అన్నవి కూడా రాసుకోవాలి. వెనక నుంచి వెన్నెముకనూ చూడాలి. వెన్ను ఒక పక్కకు వంగి ఉంటే, పక్కటెముకలు ఒకవైపు ముందుకు వచ్చి ఉంటే ఆ తేడా రొమ్ము ఆపరేషన్‌తో పోదు. ఆ సంగతి ముందే అద్దంలో చూపించి చెప్పాలి. చెప్పకపోతే తర్వాత మీరు దాన్ని ఆపరేషన్ లోపమనుకుంటారు.

బ్రా సైజు చెప్పి ప్లాన్ వేయించుకోకండి. కప్పు కొలత కంపెనీకో రకంగా ఉంటుంది.

ఇక అన్నిటికన్నా జాగ్రత్తగా పెట్టాల్సిన గుర్తు చనుమొన కొత్త స్థానం. కింది మడతలో వేలు పెట్టి, అదే ఎత్తును రొమ్ము ముందు భాగం మీదికి తెచ్చి గుర్తు పెడతారు. సాధారణంగా అది గుంట నుంచి 21, 23 సెంటీమీటర్ల మధ్య పడుతుంది. మీలా ఒకవైపు బాగా బరువున్నవారికి రెండు వైపులా ఒకే అంకె వేస్తే పొరపాటు. బరువుకు సాగి ఉన్న చర్మం ఆ బరువు తీసేయగానే పైకి ముడుచుకుంటుంది. ఎక్కువ బరువు తీసినవైపు ఎక్కువ ముడుచుకుంటుంది. అందుకని కుడివైపు గుర్తు అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు కిందికి పెడతారు. ఎడమవైపు 22 అయితే కుడివైపు 22.5 లేదా 23. గీసిన రోజు వంకరగా కనిపిస్తుంది, కంగారుపడకండి.

అనుమానముంటే కిందికే పెట్టాలన్నది ఈ పనిలో గట్టి నియమం. చనుమొన కాస్త కిందికి ఉండిపోతే తర్వాత చిన్న ఆపరేషన్‌తో పైకి జరపొచ్చు. మరీ పైకి వెళ్లిపోతే బ్రా అంచు దాటి కనిపిస్తుంది. దాన్ని దించాలంటే రొమ్ము పైభాగాన, జాకెట్ మెడలో కనిపించేచోట మచ్చ పడుతుంది.

మీ కుడి చనుమొన సుమారు 10 సెంటీమీటర్లు పైకి రావాలి. ఇంత చర్మం మిగిలేచోట నిలువు కోత ఒక్కటే సరిపోదు. వలయం చుట్టూ ఒకటి, అక్కడి నుంచి నిలువుగా కిందికి ఒకటి, మడత వెంట అడ్డంగా ఒకటి, ఇలా లంగరు ఆకారంలో కోత అవసరమవుతుంది. ఎడమవైపు అంత అవసరం లేకపోయినా రెండు వైపులా ఒకే తీరు కోత పెట్టడమే మంచిదని మా అభిప్రాయం. వేర్వేరు కోతలు వేర్వేరుగా దిగి స్థిరపడతాయి, ఏడాది తర్వాత ఆకారంలో తేడా వస్తుంది. కొత్త వలయం వ్యాసం 4 నుంచి 4.5 సెంటీమీటర్లు. వలయం కింది అంచు నుంచి మడత దాకా నిలువు కోత 5 నుంచి 7 సెంటీమీటర్లు. దీన్ని మరీ పొడుగ్గా వదిలితే కొన్ని నెలలకు రొమ్ము కిందికి జారి చనుమొన ఆకాశం చూస్తుంది. మరీ పొట్టిగా బిగిస్తే కుట్లు తట్టుకోలేవు.

చనుమొనను కోసి వేరుచేయరు. రక్తనాళాలు, నరాలు ఉన్న కణజాలపు కాడ మీదే దాన్ని కొత్తచోటికి జరుపుతారు. సర్జన్లు దీన్ని పెడికిల్ అంటారు. కింది నుంచి వచ్చే పెడికిల్ ఎంచుకుంటే మీ కుడివైపు అది 17 సెంటీమీటర్ల పొడవవుతుంది. కాడ మొదలు దగ్గర కనీసం 8 నుంచి 10 సెంటీమీటర్ల వెడల్పు ఉంచకపోతే చివరికి రక్తం చాలదు. పైగా అంత కణజాలం కిందే ఉండిపోయి తర్వాత జారే గుణం ఎక్కువ. పైనుంచి, లోపలివైపు నుంచి వచ్చే పెడికిల్ మీ కొలతలకు పొట్టిగా ఉంటుంది. ఛాతీ ఎముక పక్కనుంచి వచ్చే రక్తనాళాలు దానికి బలం. పక్కటెముకల మధ్య సాగే నరాల్లో స్పర్శ తెచ్చే నాలుగోదాన్ని కాపాడాలంటే ఏ పెడికిల్ అయినా అడుగున పలచబరచకూడదు. మీ సర్జన్‌కు చేయి తిరిగిన పద్ధతికే విలువ ఎక్కువ, అయితే మీ కొలతలకు అదెందుకు సరిపోతుందో ఆయన చెప్పగలగాలి.

చివరి మాట ఆపరేషన్ బల్ల మీదే తేలుతుంది. చాలామంది చిన్న రొమ్మును ముందు పూర్తిచేస్తారు. అక్కడ తీసేందుకు తక్కువే ఉంటుంది కాబట్టి అదే హద్దు, పెద్దదాన్ని దానికి సరిపెడతారు. తాత్కాలికంగా పిన్నులు కొట్టి, మత్తులో ఉండగానే మిమ్మల్ని కూర్చున్న భంగిమలోకి లేపి, మంచం కాళ్లవైపు నుంచి చూసి, ఇంకా తీయాలా అన్నది నిర్ణయిస్తారు. రెండు చేతులూ ఒకే కోణంలో కట్టి ఉండాలి. లేకపోతే భుజం ఎత్తిన వైపు చనుమొన పైకి కనిపించి సర్జన్‌ను తప్పుదారి పట్టిస్తుంది. తీసిన ముక్కలను తూచేటప్పుడు రక్తస్రావం తగ్గడానికి రొమ్ములోకి ఎక్కించిన మందు నీళ్ల బరువూ కలుస్తుంది, కాబట్టి రెండు వైపులా ఎంత ఎక్కించారో రాసుకోవాలి. అందుకే 700 అన్నవారు చివరికి 740 తీసినా, 660తో ఆపినా మోసం చేసినట్టు కాదు.

మీకు చనుమొనను పూర్తిగా తీసి చర్మంలా అతికించే పద్ధతి అవసరం రాదు. రొమ్ములు అసాధారణంగా పెద్దవై, గుంట నుంచి చనుమొన 40 సెంటీమీటర్లు దాటినవారికి, రక్తప్రసరణ బాగాలేనివారికి దాన్ని ఆలోచిస్తారు. స్పర్శ, పాలు రెండూ పోతాయి, రంగు మచ్చలు మచ్చలుగా వస్తుంది. అయినా చనుమొన నల్లబడి రాలిపోవడం కన్నా అది మేలు.

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు. ఆరు నెలల్లో ఎడమ రొమ్ము కుడిదానికి రెండింతలైంది. స్కూలుకు వెళ్లనంటోంది. వెంటనే తగ్గించే ఆపరేషన్ చేయిస్తే మంచిదా? (కరీంనగర్)

జవాబు: అమ్మా, తగ్గించే ఆపరేషన్ మాట ఇప్పుడు వద్దు. ముందు లోపల గడ్డ ఉందేమో తేల్చాలి. ఈ వయసులో ఒకే వైపు ఇంత వేగంగా పెరిగితే మొదట అనుమానించేది పెద్ద ఫైబ్రోఎడినోమాను, అంటే క్యాన్సర్ కాని గడ్డను. 5 సెంటీమీటర్లు దాటి రొమ్మంతా తానే అయి కూర్చుంటుంది, చేతికి విడిగా దొరకదు. అరుదుగా ఫిల్లోడ్స్ అనే గడ్డ ఉంటుంది. మామోగ్రామ్ అవసరం లేదు, అల్ట్రాసౌండ్ చేయించండి. గడ్డ కనిపిస్తే లావు సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. సన్న సూదితో పీల్చే పరీక్ష ఈ రెండింటినీ నమ్మకంగా విడదీయలేదు.

ఫైబ్రోఎడినోమా అని తేలితే గడ్డ మాత్రమే తీయాలి. సాగిన చర్మం ఖాళీ సంచిలా వేలాడుతుందని అదే పూట దాన్ని కత్తిరించేసే తొందర కనిపిస్తుంటుంది. అది తప్పు. గడ్డ కింద నలిగిపోయిన అసలు రొమ్ము కొన్ని నెలల్లో మళ్లీ విచ్చుకుంటుంది, ఈ వయసు చర్మం బాగా ముడుచుకుంటుంది. 6 నుంచి 12 నెలలు ఆగి చూస్తే చాలామందికి రెండో ఆపరేషనే అక్కర్లేదు. ఫిల్లోడ్స్ అయితే మాత్రం గడ్డ చుట్టూ కొంత మంచి కణజాలంతో సహా తీయాల్సి ఉంటుంది.

గడ్డేమీ లేకుండా రొమ్మే పెరుగుతుంటే, పెరుగుదల ఆగి కనీసం ఏడాది నిలకడగా ఉండేదాకా ఆగాలి. ముందే తగ్గిస్తే మళ్లీ పెరగొచ్చు. భరించలేని బరువు, చర్మం పగిలి పుండ్లు పడటం ఉంటే అప్పుడు వేచి ఉండమనం, కానీ మళ్లీ చేయాల్సి రావొచ్చని చెప్పి చేస్తాం.

ఇంకొకటి చూడండి. అమ్మాయిని నడుం మీద చేతులుంచి గట్టిగా నొక్కమనండి. చంక ముందు భాగంలో రెండు వైపులా కండ బిగుసుకోవాలి. కుడివైపు ఆ కండ లేకపోతే, ఎడమది పెద్దది కాదు, కుడిదే ఎదగలేదని అర్థం. అప్పుడు చికిత్స దారే వేరు.

స్కూలు మానిపించకండి. పెద్దవైపుకు సరిపోయే కప్పున్న గట్టి బ్రా కొని, చిన్నవైపు కప్పులో సిలికాన్ ప్యాడ్ పెట్టండి. చున్నీ కన్నా ఇదే అమ్మాయికి ధైర్యమిస్తుంది.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటున్నాను. ఎత్తు 160, బరువు 65. ఇన్సూరెన్స్‌వాళ్లు ఒక్కో వైపు ఇన్ని గ్రాములు తీస్తేనే ఇస్తామంటున్నారు. నాకు ఒకటే బాగా పెద్దది. హైదరాబాద్ వచ్చి చేయించుకుంటే ఇక్కడిలాంటి తంటా ఉండదా?

జవాబు: అక్కడ చాలా కంపెనీలు వాడేది 1991లో వచ్చిన ష్నర్ పట్టిక. ఒంటి ఉపరితల వైశాల్యాన్నిబట్టి కనీస గ్రాములు చెబుతుంది. మీ ఎత్తు, బరువుకు వైశాల్యం 1.7 చదరపు మీటర్లు, ఆ పట్టిక ప్రకారం వైపుకు 370 గ్రాములు. మీ పాలసీలో ఆ అంకె ప్రతి వైపుకూ వర్తిస్తుందా, రెండింటి సగటుకా, పెద్దవైపు ఒక్కదానికేనా అన్న వాక్యం వెతకండి. తేడా ఉన్నవారికి అంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. చిన్నవైపు 200 మాత్రమే తీయాల్సి ఉంటే, ఇన్సూరెన్స్ కోసం 370 తీయించుకోవద్దు. ఆ రొమ్మును మళ్లీ నింపడం తీయడమంత సులువు కాదు.

ఇండియాలో గ్రాముల పట్టిక లేదు, అడ్డంకి మాత్రం ఉంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్దేశించిన మినహాయింపుల్లో అందం కోసం చేసే ప్లాస్టిక్ సర్జరీ ఒకటి. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికి, లేదా ఆరోగ్యానికి నేరుగా, తక్షణంగా ముప్పు ఉండి అవసరమని వైద్యుడు ధ్రువీకరించిన చికిత్సకే మినహాయింపు వర్తించదు. మెడ నొప్పికి వాడిన మందులు, ఫిజియోథెరపీ, మడతలో పుండ్లకు చర్మవైద్యుల చీటీలు, ఫొటోలు తేదీలతో దాచి, ముందస్తు అనుమతి కోరండి. వస్తుందని భరోసా లేదు. ఇక్కడ చేయించుకుంటే కనీసం మూడు, నాలుగు వారాలు ఉండేలా టికెట్ కొనుక్కోండి, ఎందుకో ఐదో ప్రశ్న జవాబు చదివితే తెలుస్తుంది.

ప్రశ్న: వయసు 43, షుగర్ ఉంది. రొమ్ములు తగ్గించుకోవాలనుకుంటున్నాను. ముందు ఏ పరీక్షలు? (అనంతపురం)

జవాబు: 40 దాటారు కాబట్టి మామోగ్రామ్ తప్పనిసరి, అవసరమైతే అల్ట్రాసౌండ్ కూడా. కుటుంబంలో రొమ్ము క్యాన్సర్ ఉన్నవారికి ఇంకా ముందు వయసు నుంచే. మామోగ్రామ్ బాగున్నా, తీసిన కణజాలమంతా పరీక్షకు పంపాలి. కుడి, ఎడమ వేర్వేరు డబ్బాల్లో, ఏ భాగం నుంచి తీశారో గుర్తుతో. అన్నీ ఒకే డబ్బాలో పడేస్తే, అరుదుగా లోపల దాగిన క్యాన్సర్ బయటపడినప్పుడు అది ఏ రొమ్ములో ఏ మూల ఉండేదో ఎవరూ చెప్పలేరు. అప్పుడు అనవసరంగా రొమ్మంతా తీయాల్సి రావొచ్చు. ఈ ఒక్కమాట ఆపరేషన్‌కు ముందే అడిగి తీరండి.

హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెర) 7 దగ్గరికి వచ్చాకే తేదీ పెట్టుకోండి. డాపాగ్లిఫ్లోజిన్ రకం షుగర్ మాత్రలు కనీసం 3 రోజుల ముందు మీ షుగర్ డాక్టరు సలహాతో ఆపాలి, లేకపోతే చక్కెర మామూలుగా ఉన్నా రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది. గుండె కోసం ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతుంటే సొంతంగా మానొద్దు, కార్డియాలజిస్టును అడగాలి. పొగతాగడం, పొగాకు నమలడం మీకు అలవాటుంటే 4 వారాల ముందు, 4 వారాల తర్వాత పూర్తిగా ఆపాలి. నికోటిన్ సన్న రక్తనాళాలను బిగిస్తుంది, చనుమొనకు రక్తం అందేది వాటితోనే.

సర్జన్‌కు ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్ లేదా డీఎన్‌బీ (ఇప్పుడు డీఆర్‌ఎన్‌బీ) డిగ్రీ ఉందేమో చూసుకోండి. ఉస్మానియా, నిమ్స్, విశాఖ కేజీహెచ్‌లలో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి.

ప్రశ్న: ఆపరేషనై 12 రోజులైంది. కుడి రొమ్ము కింద, నిలువు కుట్టు అడ్డ కుట్టును కలిసేచోట రూపాయి బిళ్లంత తెరుచుకుంది. పైగా ఇప్పటికీ కుడిది పెద్దదిగానే ఉంది. తప్పు జరిగిందా? (గుంటూరు)

జవాబు: గాయం తెరుచుకునేది ఎక్కువగా అక్కడే. మూడు వైపుల నుంచి చర్మం వచ్చి కలుస్తుంది, బిగువంతా ఆ బిందువు మీదే, రక్తం అందేది చివరికి. ఎక్కువ తీసిన రొమ్ములో మరీను. రోజూ సబ్బు, శుభ్రమైన నీళ్లతో కడిగి, సర్జన్ చెప్పిన డ్రెస్సింగ్ మారుస్తుంటే 3 నుంచి 6 వారాల్లో దానంతటదే పూడుతుంది. ఇప్పుడు మళ్లీ కుట్టు వేయించుకోవద్దు, మెత్తబడిన చర్మాన్ని దారం కోసేస్తుంది. పసుపు, కొబ్బరినూనె, పౌడర్ పెట్టొద్దు. చీము పడుతుందని పప్పు, గుడ్డు, వంకాయ మాన్పిస్తారు మనవాళ్లు. గాయం పూడాలంటే మాంసకృత్తులే కావాలి, గుడ్డు, పప్పు తప్పకుండా తినండి. జ్వరం, వ్యాపించే ఎరుపు, వాసన వచ్చే చీము ఉంటే అదే రోజు వెళ్లండి.

ఆపరేషనైన మొదటి రోజుల్లో ఉన్నవారు ఇది గుర్తుంచుకోవాలి. ఒకవైపు ఉన్నట్టుండి గట్టిపడి ఉబ్బి నొప్పి పెరిగితే లోపల రక్తం గడ్డకడుతోందని అర్థం, గంటల్లో తీయించాలి. చనుమొన వంగపండు రంగుకు తిరిగితే రక్తం వెనక్కి వెళ్లడం లేదు. పాలిపోయి చల్లబడితే రక్తం రావడమే లేదు. రెండింటిలోనూ సర్జన్ అవసరమైతే కొన్ని కుట్లు విప్పి బిగువు తగ్గిస్తారు. తెల్లవారేదాకా ఆగొద్దు.

పరిమాణం సంగతి ఇప్పుడే తేల్చకండి. ఎక్కువ కోసిన వైపు ఎక్కువ వాస్తుంది. మూడు నెలలకు వాపు చాలావరకు దిగుతుంది, ఆరు నెలలకు ముందు తేడా సరిదిద్దే ఆపరేషన్ ఒప్పుకోకండి. అప్పటికీ మిగిలితే పెద్దవైపు లైపోసక్షన్‌తో (గొట్టంతో కొవ్వు పీల్చడం) సరిపోవచ్చు. 6 వారాలు రాత్రీ పగలూ వైరు లేని గట్టి బ్రా, నీళ్ల బిందెలు ఎత్తకపోవడం. గాయాలు పూర్తిగా మూసుకున్నాక సిలికాన్ జెల్ రాయండి. మచ్చ పండి తేలడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. ఛాతీ నడిమికి దగ్గరగా కోత ఎంత వస్తే కెలాయిడ్ (మచ్చ ఉబ్బి గట్టిగా పెరగడం) భయం అంత. లోపల గట్టి ఉండ తగిలితే చచ్చిన కొవ్వు కావొచ్చు, అయినా స్కాన్ చేయించి నిర్ధారించుకోండి.

ప్రశ్న: పెళ్లి కావాల్సి ఉంది. ఇప్పుడు చేయించుకుంటే పిల్లలకు పాలు పడతాయా? (రాజమండ్రి)

జవాబు: చనుమొన కింద కణజాలపు స్తంభం చెక్కుచెదరకుండా ఉంచితే చాలామందికి పాలు వస్తాయి, కానీ బిడ్డకు సరిపడా రాకపోవచ్చు, పైపాలు కలపాల్సి రావొచ్చు. గర్భంతో రొమ్ములు పెరిగి మళ్లీ జారతాయి, తేడా కూడా తిరిగి రావొచ్చు. ఇబ్బంది తక్కువైతే ఆగండి. మెడ నొప్పి, పుండ్లతో బాధపడుతుంటే పెళ్లి కోసం వాయిదా వేయక్కర్లేదు. పిల్లలు పుట్టాక చేయించుకునేవారు పాలు మాన్పించి ఆరు నెలలు దాటాకే రావాలి. పాలున్న రొమ్మును కొలిస్తే ఆ కొలత నిలవదు.

ప్రశ్న: నేను అబ్బాయిని, 19 ఏళ్లు. ఎడమవైపు మాత్రం రొమ్ములా పెరిగింది. (నల్గొండ)

జవాబు: యుక్తవయసులో వచ్చింది ఎక్కువగా రెండేళ్లలో తగ్గుతుంది. అది దాటినా ఉంటే హార్మోన్ పరీక్షలు, వృషణాల పరీక్ష చేయించుకోండి. జిమ్‌లో ఇచ్చే స్టెరాయిడ్లు వాడుతుంటే ఆపండి, డాక్టరుకు దాచకండి. అన్నీ బాగుంటే పక్కల కొవ్వును లైపోసక్షన్‌తో, గ్రంథిని వలయం కింది అంచు కోతతో తీస్తారు. గ్రంథి మొత్తం ఊడ్చేయమని పట్టుబట్టకండి. వలయం కింద ఒక సెంటీమీటరు మందం వదలకపోతే అక్కడ గుంట పడుతుంది, దాన్ని నింపడం మొదటి ఆపరేషన్ కన్నా కష్టం. తర్వాత 4 నుంచి 6 వారాలు బిగువు బనియన్ వేసుకోవాలి.